చెడిపోని సరుకు

పొట్నూరి దివాకర్ లాఫ్ట్ కొన్నాడని తెలిసినప్పుడు అతని అక్క సరోజిని మొదట నమ్మలేదు. నమ్మాక జాలిపడింది.

"లాఫ్టేట్రా? వంటింట్లో పైన పాత కుక్కర్లూ, ఇత్తడి బిందెలూ పెట్టుకుంటాం, అదా? దాంట్లో కాపురమేట్రా? తల తగిలెయ్యదూ?"

"అది కాదక్కా. పూర్వం గోదాములుగా ఉన్న పెద్ద కట్టడాల్ని బాగుచేసి ఇళ్లుగా మారుస్తారు. పదహారడుగుల ఎత్తు. స్టూలెక్కి నిలబడినా చెయ్యి తగలదు."

"మరి బూజులెలా దులుపుతారు?"

ఈ ప్రశ్నకి బిల్డరు ఇచ్చిన నున్నటి కాగితాల పుస్తకంలో జవాబు లేదు. అందులో సూర్యోదయం ఉంది, కాఫీ కప్పు ఉంది, ఎవరిదో తెల్లటి కుక్క కూడా ఉంది. బూజు లేదు.

విశాఖపట్నం వన్ టౌన్‌లో, హార్బరుకి దగ్గరగా పాత లంగరు వీధి అని ఒకటుంది. వందేళ్ల కిందట ఒక నార వర్తకుడు అక్కడ రెండంతస్తుల గోదాము కట్టించాడు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి గోగునార బేళ్లు బళ్లమీద వచ్చి, ఆ గోదాములో కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని, ఓడెక్కి వెళ్లిపోయేవి. తరవాత నార వ్యాపారం పోయింది. నలభై ఏళ్లపాటు అందులో పిల్లులు కాపురం చేశాయి. వాటిని ఏ అధికారీ ఏమీ అనలేదు.

ఆ పిల్లుల్ని ఖాళీ చేయించి బిల్డరు నాలుగు లాఫ్టులు తయారుచేశాడు. గోడల మీది సున్నం నెలరోజులపాటు గోకించాడు. గోకాక ఇటుకలు మరీ కొత్తగా కనిపించాయని, పాతగా కనపడే రంగు వేయించాడు. పైపులు గోడల బయటే ఉంచాడు. "లోపలెట్టి సిమెంటు కప్పీమంటారేటి బాబూ?" అని ప్లంబరు పాపం మంచి మనసుతో అడిగితే, అలా కప్పితే మామూలు ఇల్లయిపోతుందని కసిరాడు. నాలుగిట్లో మూడు లాఫ్టులు కొన్నవాళ్లు కొని తాళాలు వేసుకున్నారు. కొనడమే తప్ప ఉండే అలవాటు లేని మనుషులు వాళ్లు. నిజంగా కాపురం పెట్టినవాళ్లు దివాకర్, అతని భార్య చారుమతి మాత్రమే.

గృహప్రవేశానికి వచ్చిన సరోజిని ఇటుకల గోడలూ, వేలాడే వైర్లూ, తుప్పు రంగు దూలాలూ కలయజూసి, తమ్ముణ్ణి పక్కకి పిలిచి మెల్లిగా అంది: "పని పూర్తయ్యాక పిలవాల్సిందిరా. అంత తొందరేటొచ్చింది?"

దివాకర్‌కి రెండు కళ్లజోళ్ల షాపులున్నాయి, ఒకటి డాబాగార్డెన్సులో, ఒకటి గాజువాకలో. ఇటుకల మీద అతనికి ప్రత్యేకమైన మోజేమీ లేదు. మోజు చారుమతిది. బ్యాంకులో ఆఫీసరు. పెళ్లయిన తొమ్మిదేళ్లూ ఆమె ఒక అపార్టుమెంటులో ఉంది. ఆ వంటింటి కిటికీ తెరిస్తే పక్క వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కనిపించేది. అవతలివాళ్లు ఏం తాలింపు వేస్తే ఈ ఇంట్లో ఆ వాసన. ఈ లాఫ్టులో ఏడడుగుల కిటికీలున్నాయి. మొదటిసారి చూడటానికి వచ్చినరోజు ఆమె ఒక కిటికీ ముందు నిలబడింది. హార్బరు మీంచి పొద్దుటి వెలుగు వచ్చి ఆమె మొహం మీద పడింది. దూరంగా ఓడ కూత వేసింది. ఆమె వెనక్కి తిరగకుండానే, "ఇక్కడుందామండీ," అంది. దివాకర్ ఆ మొహం చూసి కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

రెండు నెలలు సుఖంగా గడిచాయి. అప్పుడు దివాకర్ ఒక తప్పు చేశాడు. గేటు పక్క గోడకి పేరు పలక పెట్టుకోవచ్చా అని అనుమతి అడిగాడు.

అడగకుండా పెట్టేస్తే పదేళ్లయినా ఎవరూ చూసేవారు కాదు. కానీ అతను మర్యాదస్తుడు. గేటు దగ్గర నీలం బోర్డు మీద 'ప్రాచీన నగర స్వరూప స్వభావ సంరక్షణ మండలి' అని రాసి ఉంటే, ఆ మండలికి ఉత్తరం రాశాడు. నాలుగో రోజు సంరక్షణాధికారి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫైలు, చేతిలో కొలత టేపు. మాట్లాడేటప్పుడు కూడా ఆయన నోట్లోంచి నోటీసే వచ్చేది.

గోడలు కొలిచారు. కిటికీలు కొలిచారు. సోఫా ముందు ఆగి చాలాసేపు చూశారు.

"ఇచ్చట మానవులు నివసించుచున్నట్లు మా పరిశీలనలో వెల్లడైనది," అన్నారు.

"అవునండీ. మేమే," అన్నాడు దివాకర్, కాఫీ అందిస్తూ.

"నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన రెండు. ప్రాచీన కట్టడము యొక్క స్వరూపముతో పాటు స్వభావమును కూడా సంరక్షించవలెను. ఇది గిడ్డంగి. గిడ్డంగి స్వభావము సరుకు నిల్వ. మీది నిల్వ కాదు, నివాసము. కావున ముప్పై దినములలో ఖాళీ చేయవలసినది."

చారుమతి లోపల్నుంచి వచ్చింది. "బిల్డరుకి అనుమతులిచ్చింది మీ మండలే కదండీ?"

"ఇచ్చితిమి. గోడలు గోకుటకు ఇచ్చితిమి. కిటికీలకు అద్దములు బిగించుటకు ఇచ్చితిమి. వంటగదికీ, రెండు స్నానపు గదులకూ ఇచ్చితిమి. నివసించుటకు అనుమతి ఎవరునూ అడుగలేదు. అడిగియుండిన తిరస్కరించియుందుము." పరాంకుశం గారు కాఫీ తాగేసి, కప్పు బాగుందని మామూలు తెలుగులో మెచ్చుకుని, వెళ్లిపోయారు.

బిల్డరు ఆఫీసుకి ఫోను చేస్తే ఆయన వేరే ఊళ్లో పాత జైలుని లాఫ్టులుగా మారుస్తున్నారని, తీరిక లేదని చెప్పారు. దివాకర్ మండలి ఆఫీసుకి పరిగెత్తాడు. మూడు రోజులు బెంచీమీద కూర్చున్నాక పరాంకుశం గారికి జాలేసింది.

"మా మండలి ప్రజాపక్షపాతి," అన్నారు ఆయన. "మిమ్ము వెళ్లగొట్టుట మా అభిమతము కాదు. మానవ నివాసము నిషిద్ధము. సరుకు నిల్వ నిషిద్ధము కాదు, పైపెచ్చు ప్రోత్సాహకరము. మీరు సరుకుగా నమోదు చేయించుకొన్నచో నిరభ్యంతరముగా ఉండవచ్చును. ఫారము 'ఘ'."

దివాకర్ నవ్వాడు. ఎదుటివాళ్లు నవ్వడం లేదని గమనించి ఆపాడు. ఫారం తీసుకున్నాడు.

"సరుకు వివరము?"

"పొట్నూరి దివాకర్."

"అది పేరు. సరుకుకు పేరుండదు. బేలు అని వ్రాయుడు. సంఖ్య ఒకటి. బరువు?"

"డెబ్బై ఎనిమిది కిలోలండీ."

"చెడిపోవు సరుకా, చెడిపోని సరుకా?"

దివాకర్ ఆలోచించాడు. షుగరు అంచుల మీద ఉంది. ఎడమ మోకాలు మెట్లెక్కుతుంటే శబ్దం చేస్తోంది. "మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు..."

"చెడిపోవు సరుకుకు గరిష్ఠ నిల్వ ఏడు దినములు."

"చెడిపోనండీ!"

"హామీ పత్రము మీద సంతకము చేయుడు."

పొట్నూరి దివాకర్ అనే నేను ఎటువంటి పరిస్థితుల్లోనూ చెడిపోనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను, అని ఉన్న కాగితం కింద అతను సంతకం పెట్టాడు. సరుకు యజమాని అన్న గడిలోనూ తన పేరే రాశాడు. చారుమతి ఫారం ఆమె తనే నింపుకుంది, ఒకళ్లు నింపిన కాగితం మీద సంతకం పెట్టే అలవాటు బ్యాంకువాళ్లకి ఉండదు. కానీ భర్త ఇచ్చిన హామీ చూసి మురిసిపోయింది. "తొమ్మిదేళ్లలో నాకు నోటిమాటగా కూడా ఇవ్వలేదండీ ఇది."

ఆ రోజుల్లో ఇంకా నవ్వొచ్చేది. మండలి ఇచ్చిన రెండు రేకు బిళ్లల్ని ఫ్రిజ్జు మీద అతికించుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. బేలు నంబరు ఒకటి, బేలు నంబరు రెండు.

తరవాత మండలి సీరియస్‌గా పని మొదలుపెట్టింది.

సరుకు తనంతట తాను నడవదు కదా అని ఎవరికో తట్టింది. గేటు దాటే ప్రతి బేలునీ బండి మీదే తీసుకెళ్లాలని ఆదేశం వచ్చింది. రెండు చక్రాల తోపుడు బండి ఒకటి తెచ్చి గేటు దగ్గర పెట్టారు. దాన్ని తోసే పని వాచ్‌మన్ అసిరయ్యది. అరవై దాటిన మనిషి. కుర్రతనంలో ఇదే గోదాములో బేళ్లు మోశాడు.

"కూసోండి బాబూ, నాలుగడుగులే," అనేవాడు మొహమాటంగా. దివాకర్ హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బండి మీద కూర్చునేవాడు. అసిరయ్య గేటు గీత దాటేదాకా తోసి, పాసు చించి ఇచ్చేవాడు. గీత అవతల దివాకర్ లేచి, ప్యాంటు దులుపుకుని, మనిషిలా నడుచుకుంటూ స్కూటరు దగ్గరికి వెళ్లేవాడు.

"మా రోజుల్లో బేళ్లకి ఇంత బాధ నేదు బాబూ," అన్నాడు అసిరయ్య ఒకరోజు. "మోసీసీవోళ్లం, పడీసీవోళ్లం. ఏ బేలునీ ఎవుడూ సంతకమడగనేదు."

నెలకోసారి కాటా. మూడో నెలలో దివాకర్ నాలుగు కిలోలు తగ్గాడు. డాక్టరు చెప్పినట్టు పొద్దుటే బీచి రోడ్డులో నడుస్తున్నాడు మరి. డాక్టరు భుజం తట్టాడు. మండలి నోటీసిచ్చింది: 'రెండు శాతమునకు మించిన తరుగు చౌర్యముగా పరిగణింపబడును. సదరు నాలుగు కిలోలు ఎచ్చట ఉన్నవో మూడు దినములలో తెలుపవలెను.' దివాకర్ నిజాయితీగా బీచి రోడ్డులో పోయాయని రాశాడు. వారం తరవాత జవాబు వచ్చింది. సిబ్బంది బీచి రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస వరకు వెతికారట. సరుకు లభ్యం కాలేదట. గడువులోగా లోటు భర్తీ చేయమన్నారు.

ఆ రాత్రి నుంచి దివాకర్ రోజూ పావుకిలో మాడుగుల హల్వా తిన్నాడు. డాక్టరు ముందు దొంగలాగా, మండలి ముందు దొరలాగా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కాటా ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగినప్పుడు పరాంకుశం గారు చిరునవ్వు నవ్వి, "నమ్మదగిన సరుకు," అన్నారు. సిగ్గులేకుండా దివాకర్‌కి ఆ మాట సంతోషంగా అనిపించింది. ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు కూడా.

ఆ తరవాత గాలి నిబంధన వచ్చింది. బేళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే తేమ పట్టి నిప్పంటుకునే ప్రమాదం ఉన్నందున, ఏ రెండు బేళ్ల మధ్యనైనా ఎల్లవేళలా పద్దెనిమిది అంగుళాల ఖాళీ ఉండాలి. మండలివాళ్లు వచ్చి మంచాన్ని రెండు చేసి, మధ్య నేల మీద పసుపు రంగు గీతలు గీసి వెళ్లారు.

ఈ నిబంధనని ఆ దంపతులు ఎంత శ్రద్ధగా పాటించారో కొన్నాళ్లలోనే తేలింది. చారుమతి నెల తప్పింది.

తొమ్మిదేళ్లు. ఎన్ని ఆస్పత్రులు, ఎన్ని మందులు, బంధువుల ఎన్ని సలహాలు. ఆశ వదిలేసి ఇంటి మీదా, కిటికీల మీదా మనసు పెట్టుకున్న మనిషి ఆమె. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆ కిటికీ దగ్గరే నిలబడి ఏడ్చింది. దివాకర్ ఏం చేయాలో తెలియక, పసుపు గీతలు దాటి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

మండలికి ఈ సంగతి కాటా మీద తెలిసింది.

'బేలు నంబరు రెండు బరువు నెలనెలా పెరుగుచున్నది. కారణము తేమయా, కల్తీయా?' అన్న నోటీసు వెనకాలే పరాంకుశం గారు తేమ కొలిచే యంత్రంతో వచ్చారు.

"తేమా కాదు, కల్తీ కాదండీ," అంది చారుమతి. "కడుపు."

ఆయన ఫైలు తెరిచారు, పట్టికంతా వేలుతో కిందికి చూసుకుంటూ వచ్చారు. "తేమ కలదు. ఎలుకలు కలవు. చెదలు కలవు. కడుపు అను శీర్షిక మా పట్టికలో లేదు."

"అయితే చేర్చండి."

"పట్టిక మార్చుటకు ఉపసంఘము కావలెను. తదుపరి సమావేశము పద్నాలుగు మాసముల తరువాత."

"నాకు అయిదు నెలలే ఉన్నాయండీ."

"అది మీ వ్యక్తిగత ఇబ్బంది," అన్నారు పరాంకుశం గారు. ఎలుకలు అన్న గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం దివాకర్, "పోదామా ఇక్కణ్ణించి? అక్కావాళ్ల వీధిలో పోర్షను ఖాళీ ఉందట," అన్నాడు. చారుమతి కిటికీ దగ్గరికి వెళ్లింది. "పుట్టాక దీన్ని ఎత్తుకుని ఇక్కడ నిలబడి ఓడలు చూపించాలండీ. ఆ ఒక్క కోరిక తీరనివ్వండి," అంది.

నెలలు నిండుతున్నకొద్దీ బండి ఆమెకి గండమైంది. గేటు దగ్గర రాళ్లు ఎగుడుదిగుడు. అసిరయ్య బండి మీద నాలుగు గోనెలు మడిచి పరిచి, గర్భగుడిలో అడుగుపెట్టినంత జాగ్రత్తగా తోసేవాడు. ఎవరూ చూడనప్పుడు, "దిగి నడిసీండమ్మా. నాను ఇటు తిరిగుంతాను," అనేవాడు. ఒకరోజు అలా నడుస్తుండగా మండలి గుమాస్తా చూశాడు. అసిరయ్యకి మెమో ఇచ్చారు: 'సరుకును నడిపించుట.'

నొప్పులు మొదలైన రోజున కూడా పాసు రాయాల్సి వచ్చింది. సరుకు బయటికి పంపు కారణము అన్న గడిలో ఏం రాయాలో అసిరయ్యకి తోచలేదు. పుస్తకంలో ఉన్నవి మూడే కారణాలు. ఎగుమతి, వేలం, మరమ్మతు. చారుమతి పళ్లు బిగబట్టి, "మరమ్మతని రాసెయ్ అసిరయ్యా, తొందరగా," అంది.

ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందల గ్రాములు. సరోజిని చూసి, "అచ్చంగా మా అమ్మే," అని ఏడ్చింది. డాక్టర్లు జాగ్రత్త కోసం కొన్నాళ్లు ఉంచుకున్నారు. పద్దెనిమిదో రోజున తల్లీపిల్లల్ని తీసుకుని దివాకర్ పాత లంగరు వీధికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. గేటు ముందు పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. ఆయన పక్కన కాటా ఉంది.

"మరమ్మతుకు వెళ్లినది ఒక బేలు," అన్నారు. "తిరిగి వచ్చినది తరుగుతో కూడిన ఒక బేలు, మరియు ఒక అదనపు శాల్తీ. ఇది ఏమి?"

"పాపండీ," అన్నాడు దివాకర్.

"సరఫరాదారు ఎవరు?"

చారుమతి చీరకొంగు పాప మీద కప్పి ఎండ పడకుండా ఒంగి నిలబడింది.

"సరఫరాదారు లేని సరుకు లోనికి పోరాదు," అన్నారు పరాంకుశం గారు. "అయితే నేను నిబంధనలన్నియు పరిశీలించితిని. బేలు రెండు నుండి వెలువడినది కావున దీనిని ఉప ఉత్పత్తిగా భావించవచ్చును. గిడ్డంగిలో ఏర్పడిన ఉప ఉత్పత్తి మండలికి చెందును. వర్గీకరణ పూర్తియగు వరకు మా స్టోరులో ఉంచెదము. రసీదు ఇచ్చెదము." ఆయన చేతులు చాచారు. ఆ చేతుల్లో కోపం లేదు, క్రూరత్వం లేదు. ఫైలు అందుకునేటప్పుడు ఎలా చాచేవారో అలాగే ఉన్నాయి.

అసిరయ్య బండి వదిలేసి ఆయనకీ, చారుమతికీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

పాప ఏడుపు మొదలెట్టింది. చారుమతి తలెత్తి పైన తన కిటికీ వంక చూసింది. ఎండకి అద్దం మెరుస్తోంది. ఎంతసేపు చూసిందో దివాకర్ లెక్కపెట్టలేదు గానీ, ఆమె మళ్లీ తల దించినప్పుడు ఆ మొహంలో ఆ ఇంటి మీద ఇష్టం ఇంక లేదు.

"పదండి," అంది.

ముగ్గురూ వెనక్కి తిరిగారు. బండెక్కకుండా, పాసు లేకుండా, పట్టపగలు, వీధి మధ్య నుంచి నడిచి వెళ్లిపోయారు. సరోజిని తలుపు తీసి, పాపని అందుకుని, సున్నం కొట్టిన గదిలో ఫ్యాను కింద పడుకోబెట్టింది. చారుమతి ఆ గోడకి చేరబడి అప్పటికప్పుడే నిద్రపోయింది.

మర్నాడు పొద్దుట పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది. దివాకర్ ఒక్కడే వెళ్తానన్నాడు. "నా మీదేదో కేసుంటే నేను రాకుండా ఎలా?" అంది చారుమతి. పాపకి పాలు కావాలి కనక పాపా వెళ్లింది.

ఎస్సై నూకరత్నం ఫిర్యాదు కాగితాన్ని మూడోసారి చదువుతోంది. బల్లకి ఆ పక్కన పరాంకుశం గారు నిటారుగా కూర్చుని ఉన్నారు.

"మేస్టారూ, నాకు ఒకసారి నోటితో చెప్పండి," అంది ఆమె. "ఏటి పోయింది?"

"బేళ్లు రెండు. గిడ్డంగి గేటు వరకు వచ్చి, పాసు లేకుండా మాయమైనవి."

"ఎవరెత్తుకెళ్లిపోయేరు?"

"బేలు నంబరు ఒకటి." ఆయన దివాకర్‌ని చూపించారు. "ఇతడే."

"ఈయన ఏ బేలుని ఎత్తుకెళ్లేరు?"

"బేలు నంబరు ఒకటిని. మరియు రెండును."

"అంటే ఈయన్ని ఈయనే ఎత్తుకెళ్లిపోయేరు."

"సాంకేతికముగా అంతే."

ఎస్సై కళ్లజోడు తీసి, యూనిఫారం జేబులోని గుడ్డతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. రైటరు తల దించుకుని భుజాలు కదిలిస్తూ నవ్వుతున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

"సరే. కేసంటే కేసే. పోయిన సొత్తు దొరికిందా?"

"ఎదురుగా ఉన్నది."

"సొత్తు దొరికితే యజమానికి అప్పగించీయాలి. ఈ సొత్తుకి యజమానెవరు? మీరా?"

పరాంకుశం గారు సంతకాల విషయంలో అబద్ధమాడే మనిషి కాదు. ఫైలు తిరగేశారు. "మండలి సంరక్షకులు మాత్రమే. ఫారము 'ఘ' ప్రకారము బేలు ఒకటి యొక్క యజమాని... పొట్నూరి దివాకర్."

"రెండోదానికి?"

"చారుమతి. స్వయముగా వ్రాసుకొనినది."

"రైటరుగారూ, రెండు రసీదులు రాయండి. దొరికిన సొత్తు యథాస్థితిలో యజమానులకి అప్పగించడమైనది అని." ఆమె కాగితాలు ఇటు తిప్పింది. "సంతకాలెట్టండి. మిమ్మల్ని మీరు పట్టుకెళ్లిపోండి."

దివాకర్ తనని తాను ముట్టినట్టు సంతకం పెట్టాడు. ఏడాదిగా అతను పెట్టిన సంతకాలన్నిట్లో అర్థమున్నది ఇదొక్కటే అనిపించింది.

"ఇంకనూ ఒక అంశము కలదు," అన్నారు పరాంకుశం గారు. "ఉప ఉత్పత్తి."

చారుమతి పాపని గుండెలకి అదుముకుని లేచి నిలబడింది. "ఆ మాట ఇంకొక్కసారంటే," అంది. గొంతు పెద్దది చేయలేదు. పరాంకుశం గారు ఇంకొక్కసారి అనలేదు.

"మీ ఫిర్యాదులో ఎన్ని రాసేరండీ?" ఎస్సై అడిగింది.

"రెండు బేళ్లు."

"మూడోది?"

"లేదు. ఇంకనూ నమోదు కాలేదు."

"నమోదు కానిది సరుకెలా అవుద్ది? మీ పుస్తకమే చూసి చెప్పండి."

ఆయన పుస్తకం చూశారు. ముందు నుంచి వెనక్కి చూశారు, వెనక నుంచి ముందుకి చూశారు. "కాదు," అన్నారు.

"సరుకు కాకపోతే మరేటి?"

ఇరవై ఆరేళ్ల సర్వీసులో పరాంకుశం గారికి నిబంధన దొరకని ప్రశ్న ఎదురవడం అదే మొదటిసారి. పాప వంక చూశారు. పాప ఆవలించింది. "మనిషి," అన్నారు ఆయన మెల్లిగా, చెయ్యని నేరం ఒప్పుకుంటున్నట్టు.

"రాసీండి రైటరుగారూ," అంది నూకరత్నం. "ఈ కేసులో స్టేషనుకి హాజరైన మనుషులు ఒకరు. ఆడ. వయసు పంతొమ్మిది రోజులు. ఆవిడకి మర్యాద చెయ్యండి, ఫ్యాను ఇటు తిప్పండి."

"మరి మేమో?" అన్నాడు దివాకర్.

"మీరిద్దరూ సొత్తు కదండీ, ఇప్పుడేగా రసీదిచ్చేను. గేటు దాటేక మనుషులైపోండి."

వాళ్లు మెట్లు దిగుతుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు. పరాంకుశం గారు ఆయాసపడుతూ పరిగెత్తుకొస్తున్నారు. చంకలో ఫైలు జారిపోతోంది.

"ఆగుడు! గిడ్డంగి ఇప్పుడు శూన్యమైనది. మిగిలిన మూడు భాగములు ఎప్పుడూ శూన్యమే. నిల్వ లేని గిడ్డంగి స్వభావ భంగము క్రిందికి వచ్చును. ముప్పై దినములలో బాధ్యుడిపై చర్య తీసుకొనవలెను." ఆయన జారుతున్న ఫైలుని రెండు చేతులా పట్టుకున్నారు. "ఆ బాధ్యుణ్ణి నేనేనండీ. నా మీద నేనే చర్య తీసుకోవాలి. కనీసం ఒక్క బేలు... మీలో ఒక్కరైనా..."

దివాకర్ ఆయన్ని నిదానంగా తలనుంచి కాళ్లదాకా చూశాడు. ఏడాదిపాటు తనని చూసిన చూపు అది. ఇప్పుడు ఇంత తేలిగ్గా వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

"డెబ్బై కిలోలుంటారా మీరు?" అన్నాడు. "ఫారం 'ఘ' మీ దగ్గరే ఉంది కదండీ. చెడిపోనని రాయండి, ఇబ్బంది ఉండదు."

పరాంకుశం గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. వాళ్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేదాకా ఆయన ఆ మెట్ల మీదే నిలబడి, ఫైలులో ఏదో వెతుక్కుంటూ ఉన్నారు.

దివాకర్ ఆటో ఆపాడు. చారుమతి పాపతో ఎక్కి కూర్చుని, "గోడలకి సున్నం ఉన్న ఇల్లు చూడండి. కిటికీ చిన్నదైనా పర్లేదు," అంది. అతను తలూపి పక్కన కూర్చున్నాడు. మధ్యలో అంగుళం ఖాళీ కూడా లేదు.

ఆటో అతను మీటరు వైపు చెయ్యి పెట్టి, అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"లగేజీ ఏటైనా ఉందా బాబూ?"

దివాకర్ భార్య వంక చూశాడు, ఆమె ఒళ్లో కళ్లు మూసుకున్న పిల్ల వంక చూశాడు.

"లేదు," అన్నాడు. "ముగ్గురం మనుషులమే."